బీచ్‌లో ఇసుక పోసే ప్రాజెక్టు ఫైల్ వస్తే లోకల్ తీర ల్యాండ్ యూజ్ ప్లాన్‌తో ఎలా సరిచూడాలి: మొదటి నుంచి చివరిదాకా

బీచ్ నౌరిష్‌మెంట్, అంటే కోతకి గురైన బీచ్‌లో వేరే చోటి ఇసుక తెచ్చి పోసే ప్రాజెక్టు, ఫైల్ చేతికి రాగానే అందరూ ముందు వెతికేది ఇసుక ఎంత, ఎక్కడి నుంచి తెస్తారు, ఖర్చెంత అని. అవి చూడాల్సినవే, కాదనను. కానీ మీరు ల్యాండ్ యూజ్ ప్లాన్ వైపు నుంచి రివ్యూ చేస్తుంటే మీ ముందున్న అసలు ప్రశ్న వేరు. ఇసుక పోశాక తీరం గీత సముద్రం వైపు జరుగుతుంది కదా, మరి ఆ గీత నుంచి కొలిచే సెట్‌బ్యాకులు (ఇంత దూరం వదిలి కట్టాలనే హద్దులు), నిషేధ జోన్లు, పర్మిషన్లు అన్నీ దాంతో పాటే జరుగుతాయా, లేక పాత చోటే ఉంటాయా? పోసిన ఇసుక నాలుగేళ్లో ఎనిమిదేళ్లో ఉండి కొట్టుకుపోతుంది, కానీ ఆ మధ్యలో "బీచ్ వెడల్పయింది కదా" అని పర్మిషన్ ఇచ్చేసిన బిల్డింగు మాత్రం యాభై ఏళ్లు అక్కడే కూర్చుంటుంది, ఆ తర్వాత దాన్ని కాపాడటానికే మళ్లీ మళ్లీ ఇసుక పొయ్యాల్సొస్తుంది. నా మట్టుకి ఈ రివ్యూ మొత్తం ఈ ఒక్క పాయింట్ చుట్టూనే తిరుగుతుంది, మిగతావి దానికి కావలసిన ఆధారాలు.

ఇది ప్లానింగ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి, కమిటీల్లో ఉండేవాళ్లకి, పబ్లిక్ హియరింగ్‌కి వెళ్లి నాలుగు మంచి ప్రశ్నలు అడగాలనుకునేవాళ్లకి. ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, గుణకారం భాగహారం వస్తే చాలు.

అడుగు 1: ప్రాజెక్టుని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి కింద ఉందో రాసుకోండి

నౌరిష్‌మెంట్ అంటే బీచ్ మీద ఇసుక పరచడం ఒక్కటే అనుకుంటే సగం ఫైల్ మిస్సవుతాం. సముద్రం అడుగున ఇసుక తవ్వే చోటు ఒకటి, అక్కడి నుంచి వచ్చే పైప్‌లైన్ దారి ఒకటి, బుల్డోజర్లు పైపులు పెట్టుకునే యార్డు, లారీలు తిరిగే రోడ్డు, ఇసుక పోసే ప్రాంతం, దాని వెనక ఇసుక తిన్నె కడితే అది, జనం బీచ్‌లోకి దిగే దారులు. ఇన్ని ముక్కలున్నాయి. ఒక కాగితం మీద ఇవన్నీ ఎడమ పక్కన రాసి, కుడి పక్కన ఒక్కోదానికి వర్తించే ప్లాన్, జోన్, పర్మిషన్ ఇచ్చే సంస్థ రాయండి. ఎక్కువ సార్లు ఖాళీగా మిగిలిపోయేది యార్డు. అది ఏ పార్కింగ్ లాట్‌లోనో పార్కులోనో నెలల తరబడి ఉంటుంది, జోనింగ్‌లో దానికి అనుమతి ఉందా అని ఎవరూ అడగరు.

చాలా దేశాల్లో అధికారం సరిగ్గా పోటు గీత (పోటు వచ్చినప్పుడు నీళ్లు చేరే హద్దు) దగ్గరే రెండుగా చీలుతుంది. కాలిఫోర్నియాలో చూడండి, 1976 కోస్టల్ యాక్ట్ ప్రకారం ప్రతి ఊరూ తన లోకల్ కోస్టల్ ప్రోగ్రామ్ తయారుచేసుకుంటుంది, అందులో ల్యాండ్ యూజ్ ప్లాన్ ఒక భాగం, దాన్ని అమలుచేసే జోనింగ్ రూల్స్ ఇంకో భాగం. అది సర్టిఫై అయ్యాక పర్మిట్లు ఎక్కువగా ఊరే ఇస్తుంది. కానీ పోటు గీతకి సముద్రం వైపున్న భూమి మీద మాత్రం పర్మిట్ అధికారం రాష్ట్ర కోస్టల్ కమిషన్ దగ్గరే ఉండిపోతుంది. ఇసుక పోసే టెంప్లేట్ (ఇసుక ఎక్కడ, ఎంత ఎత్తున పొయ్యాలో చూపించే డిజైన్) మాత్రం ఆ గీతకి రెండు పక్కలా పడుతుంది. అంటే ఒకే ఇసుక కుప్పకి రెండు ఆఫీసులు, రెండు ప్రమాణాలు. భారత్‌లో సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) 2019 నోటిఫికేషన్ కింద కూడా దూరాలన్నీ హై టైడ్ లైన్, అంటే పోటు గీత నుంచే కొలుస్తారు, ఆ లైన్ తీర మండల నిర్వహణ మ్యాపుల్లో గీసి ఉంటుంది. మీ చోట ఏ చట్టమైనా సరే, మొదట వెతకాల్సింది ఈ చీలిక ఎక్కడ పడుతుందో.

అడుగు 2: గీత. ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టండి

ప్లాన్‌లో "తీరం నుంచి ఇన్ని మీటర్లు" అని రాసిన ప్రతి చోటా ఆగి, "ఏ తీరం? ఏ రోజుది?" అని అడగండి. సెట్‌బ్యాక్‌ని పోటు గీత నుంచి కొలుస్తున్నారా, మొక్కలు మొదలయ్యే గీత నుంచా, ఇసుక తిన్నె శిఖరం నుంచా, లేక ఎప్పుడో సర్వే చేసి మ్యాప్ మీద గీసిన స్థిరమైన గీత నుంచా? మొదటి మూడూ ప్రకృతితో కదిలేవి, కాబట్టి ఇసుక పోస్తే ముందుకి జరుగుతాయి. నాలుగోది కదలదు, కాబట్టి ఇసుక పోసినంత మాత్రాన దానితో పేచీ లేదు.

నార్త్ కరోలినా ఈ సమస్యని బాగా పట్టుకుంది. అక్కడ సముద్రం ఒడ్డున ఇల్లు కట్టాలంటే సహజంగా పెరిగిన మొక్కల మొదటి వరస నుంచి వెనక్కి కొలవాలి. ఎంత వెనక్కి అంటే ఆ చోట ఏడాదికి తీరం ఎన్ని అడుగులు కోతకి గురవుతోందో దానికి చిన్న బిల్డింగులకైతే 30 రెట్లు, ఎంత తక్కువైనా 60 అడుగులు. ఇప్పుడు ఆలోచించండి, నౌరిష్‌మెంట్ చేసి తిన్నె కట్టి దానిమీద గడ్డి నాటితే మొక్కల వరస ఒక్కసారిగా ముందుకొస్తుంది, దానితో పాటు కట్టుకునే హక్కు కూడా ముందుకి నడుస్తుంది. అందుకని వాళ్లు ఏం చేశారంటే, 3,00,000 క్యూబిక్ గజాలు దాటిన పెద్ద ప్రాజెక్టు అయితే ఇసుక పొయ్యకముందు మొక్కల వరస ఎక్కడుందో సర్వే చేసి దాన్ని అక్కడే ఫ్రీజ్ చేస్తారు. తర్వాత బీచ్ ఎంత వెడల్పయినా సెట్‌బ్యాక్ కొలిచేటప్పుడు ఆ పాత వరసని పక్కన పెట్టడానికి లేదు. దీనికి తర్వాత మినహాయింపులు కూడా పెట్టారు, కాకపోతే అవి కావాలంటే కొన్ని దశాబ్దాలకి సరిపడా ఇసుక ఎక్కడినుంచి వస్తుందో, డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ఊరు ముందే చూపించాలి. నాకు ఈ లాజిక్ చాలా నచ్చుతుంది, గీత జరపాలంటే ఆ ఇసుకని నిలబెట్టే బాధ్యత కూడా నీదే అని.

ఫ్లోరిడా దారి వేరు, అక్కడ సంగతి ఆస్తి హక్కుది. నౌరిష్‌మెంట్‌కి ముందు ఎరోజన్ కంట్రోల్ లైన్ అని ఒకటి గీస్తారు, దానికి సముద్రం వైపు కొత్తగా వచ్చిన పొడి ఇసుక రాష్ట్రానిది, లోపలిది పాత యజమానులది. డెస్టిన్, వాల్టన్ కౌంటీ దగ్గర కొందరు ఒడ్డు యజమానులు "మా స్థలం సముద్రాన్ని తాకేది, ఇప్పుడు మధ్యలో ప్రభుత్వ ఇసుక వచ్చింది, ఇది మా ఆస్తి లాక్కోవడమే" అని కేసు వేస్తే 2010లో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది, అది ఆస్తి లాక్కోవడం కిందకి రాదని కోర్టు చెప్పింది. మీ దగ్గర చట్టం ఇంకోలా ఉండొచ్చు, కానీ ప్రశ్న మాత్రం తప్పకుండా అడగాలి: కొత్తగా పుట్టిన ఆ ఇసుక ఎవరిది, ప్లాన్‌లో దాని జోన్ ఏంటి? మ్యాప్ మీద జోన్ లేని నేల మిగిలిపోతే రేపు ఎవరో ఒకరు అక్కడ కుర్చీలు, షెడ్లు, తర్వాత కాంక్రీటు వేస్తారు.

నెదర్లాండ్స్‌లో ఇదే గీతని తిరగేసి వాడుకున్నారు. 1990లో తీరం ఎక్కడుందో అదే బేస్ అని నిర్ణయించి, తీరం అంతకంటే లోపలికి జారుతుందనిపించిన చోట ఇసుక పోస్తున్నారు. 1965 నుంచి ప్రతి ఏడూ తీరం పొడుగునా ప్రొఫైళ్లు (ఒడ్డు నుంచి నీళ్ల కిందిదాకా ఇసుక మట్టం ఎలా ఉందో చూపించే అడ్డకోతలు) కొలుస్తూనే ఉన్నారు కాబట్టి ఎవరూ లెక్కలో మోసం చెయ్యలేరు. అక్కడ గీత ఉన్నది ఇసుక ఎప్పుడు పొయ్యాలో చెప్పడానికి, ముందుకెళ్లి కట్టుకోడానికి కాదు.

కాబట్టి ఈ అడుగులో మీ చేతికి రావలసినవి: ప్రాజెక్టుకి ముందు చేసిన సర్వే తేదీ, ఏ సీజన్‌లో చేశారో, ఏ గీతని కొలిచారో, ఆ గీత అధికారిక మ్యాప్‌లో ఎక్కిందా లేదా. సీజన్ ఎందుకంటే పెద్ద అలల సీజన్ అయిపోగానే బీచ్ సన్నగా ఉంటుంది, ప్రశాంతంగా ఉండే నెలల్లో వెడల్పుగా ఉంటుంది, ఎవరికి అనుకూలమైన నెలలో వాళ్లు సర్వే చేయిస్తారు. ఒకే సర్వే చూపిస్తే కనీసం రెండు సీజన్లది అడగండి.

అడుగు 3: ప్లాన్ పాలసీలని ఒక్కొక్కటిగా ముందేసుకోండి

ఇక్కడ చాలా రిపోర్టులు "ఈ ప్రాజెక్టు ప్లాన్ లక్ష్యాలకి అనుగుణంగా ఉంది" అని ఒక్క పేరాతో సరిపెడతాయి. అది ఒప్పుకోవద్దు. ప్లాన్‌లో తీరానికి సంబంధించిన ప్రతి పాలసీ మాటల్ని ఉన్నది ఉన్నట్టు కాపీ చేసి, దాని కింద ప్రాజెక్టు రిపోర్టులో దానికి జవాబిచ్చే వాక్యం పేజీ నంబర్‌తో సహా పెట్టి, దాని కింద మీ అభిప్రాయం రాయండి. జవాబిచ్చే వాక్యమే దొరక్కపోతే "దొరకలేదు" అని రాయండి, అదీ ఒక ఫలితమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్లాన్‌లో ఇలా ఉందనుకోండి: "కొత్త నిర్మాణం దాని జీవితకాలం అంతా తీర రక్షణ పనుల అవసరం లేకుండా నిలిచేలా ఉండాలి." రిపోర్టులో మాత్రం లాభాల చాప్టర్‌లో "బీచ్ వెడల్పు కావడం వల్ల వెనక ఉన్న ఖాళీ ప్లాట్లు అభివృద్ధికి అనువుగా మారతాయి" అని ఉంది. పైకి చూస్తే రెండూ మంచి మాటలే. కానీ పక్కపక్కన పెడితే రెండోది మొదటిదాన్ని నేరుగా కాదంటోంది, ఎందుకంటే ఆ ప్లాట్లు నిలబడేది పోసిన ఇసుక వల్లే. ఇలాంటివి లాభాల చాప్టర్‌లోనే దొరుకుతాయి, పర్యావరణ చాప్టర్‌లో దొరకవు, అందుకే నేను ముందు లాభాల చాప్టరే చదువుతాను.

ఇంగ్లండ్‌లో షోర్‌లైన్ మేనేజ్‌మెంట్ ప్లాన్లలో తీరాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి నాలుగు పాలసీల్లో ఒకటి ఇస్తారు: ఉన్న గీతని నిలబెట్టడం, ముందుకి జరపడం, ప్లాన్ ప్రకారం వెనక్కి తగ్గడం, ఏమీ చెయ్యకుండా వదిలెయ్యడం. పైగా దగ్గరి కాలానికి ఒకటి, మధ్య కాలానికి ఒకటి, వందేళ్ల దాకా ఒకటి అని కాలాల్ని బట్టి పాలసీ మారొచ్చు. ఇది చూడటం చాలా ముఖ్యం, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత "వదిలెయ్యాలి" అని రాసిన చోట యాభై ఏళ్ల పాటు ఇసుక పోసే ప్రోగ్రామ్ పెడితే అది ప్లాన్‌కి విరుద్ధం, అది ఎంత బాగా డిజైన్ చేసినా సరే. ఇంగ్లండ్‌లోనే నార్ఫోక్‌లోని బాక్టన్ దగ్గర 2019లో దాదాపు 18 లక్షల క్యూబిక్ మీటర్ల ఇసుక పోశారు, గ్యాస్ టెర్మినల్‌నీ పక్క గ్రామాల్నీ కాపాడటానికి. అక్కడ గ్రామాలకి సంబంధించి చెప్పిందేమిటంటే ఇది సర్దుకోడానికి టైమ్ ఇస్తుంది అని, శాశ్వత పరిష్కారం అని ఎవరూ మాటివ్వలేదు. మీ ఫైల్‌లో ఉన్నది టైమ్ కొనుక్కోవడమా, శాశ్వత వాగ్దానమా? రిపోర్టు స్పష్టంగా చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి.

అడుగు 4: ఇసుక లెక్క మీరే వేసి చూడండి

ఇది ఇంజినీర్ల పని కదా అని వదిలేస్తారు చాలామంది. వదలొద్దు, ఎందుకంటే ప్లాన్‌కి చూపించే బీచ్ వెడల్పు తప్పయితే మిగతా రివ్యూ అంతా గాల్లోదే.

మొదటి సంగతి. ఇసుక కనబడే పొడి బీచ్ మీదే ఉండదు, అలలు దాన్ని నీళ్ల కిందికి లాగి, ఇక కిందికి పోని లోతు దాకా పరుస్తాయి. ఆ లోతుని క్లోజర్ డెప్త్ అంటారు. అందుకని తీరాన్ని ఒక మీటరు ముందుకి జరపాలంటే ప్రతి మీటరు పొడుగుకి బీచ్ పై మట్టం ఎత్తు, క్లోజర్ డెప్త్ రెండూ కలిపినంత ఇసుక కావాలి. బీచ్ పై మట్టం 2 మీటర్లు, క్లోజర్ డెప్త్ 6 మీటర్లు అనుకుంటే మొత్తం 8. అంటే 2 కిలోమీటర్ల పొడుగున 30 మీటర్లు వెడల్పు పెంచాలంటే 8 × 30 × 2,000 = 4,80,000 క్యూబిక్ మీటర్లు. ఇప్పుడు మీ ఫైల్‌లో 3,00,000 క్యూబిక్ మీటర్లతోనే 30 మీటర్లు వస్తుందని రాసుంటే, 3,00,000 ని 16,000 (8 × 2,000) తో భాగించండి, 19 మీటర్లు కూడా రాదు. అంటే వాళ్లు చెప్పేది పని పూర్తయిన రోజు వెడల్పు, సర్దుకున్నాక వెడల్పు కాదు. ఈ రెండూ వేరువేరుగా రాయమని అడగండి. పని పూర్తయిన రోజు బీచ్ చాలా వెడల్పుగా కనబడుతుంది, ఫొటోలన్నీ ఆ రోజే తీస్తారు, మొదటి పెద్ద అలల సీజన్‌లోనే ఇసుక కిందికి జారి వెడల్పు బాగా తగ్గుతుంది, జనం "డబ్బంతా సముద్రంలో పోశారు" అని గోల పెడతారు. అది కొట్టుకుపోవడం కాదు, ఎక్కువ భాగం అనుకున్నట్టే జరిగిన సర్దుబాటు. కానీ ప్లాన్‌లో సెట్‌బ్యాక్, పార్కింగ్, బీచ్ కెపాసిటీ లాంటివి లెక్కేసింది ఆ ఫొటో వెడల్పు మీద అయితే మాత్రం నిజంగానే సమస్య.

రెండోది ఇసుక రేణువు సైజు. తెచ్చే ఇసుక ఉన్న ఇసుక కంటే సన్నగా ఉంటే నీళ్ల కింద వాలు చదునుగా అవుతుంది, అంతే ఇసుకకి పొడి బీచ్ తక్కువొస్తుంది, కొన్నిసార్లు అసలే మిగలదు. ముతకగా ఉంటే ఎక్కువ నిలుస్తుంది కానీ బీచ్ నిటారుగా అయిపోతుంది, పిల్లలు దిగే చోట ఒక్కసారిగా లోతు వస్తుంది. అందుకని ఉన్న బీచ్ నుంచీ, తవ్వే చోటు నుంచీ తీసిన శాంపిళ్ల మీడియన్ (మధ్యస్థ) రేణువు సైజు రెండూ పక్కపక్కన చూపించమనండి. ఎన్ని శాంపిళ్లు, ఎంత లోతు నుంచి అన్నది కూడా, పైపై ఇసుక బాగుండి రెండు మీటర్ల కింద బంకమట్టి ఉండటం మామూలే. బురద శాతానికి ఫ్లోరిడాలో ఒక స్పష్టమైన హద్దు ఉంది, 0.0625 మిల్లీమీటరు జల్లెడలోంచి జారిపోయే ఒండ్రు, బంక బరువులో 5 శాతం దాటకూడదు. మీ చోట ఏ హద్దూ లేకపోతే కనీసం ఆ సంఖ్యని పక్కన పెట్టుకుని పోల్చి చూడొచ్చు.

మూడోది ఎంతకాలం నిలుస్తుంది. తిన్నగా ఉన్న ఓపెన్ తీరంలో, గ్రోయిన్లు (ఇసుకని ఆపడానికి ఒడ్డు నుంచి సముద్రంలోకి కట్టే గోడలు) లాంటివి లేని చోట, పోసిన ఇసుక పక్కలకి పాకి పల్చబడటానికి పట్టే కాలం పొడుగు వర్గంతో పెరుగుతుంది. అంటే పొడుగు రెట్టింపు చేస్తే నాలుగు రెట్లు నిలుస్తుంది. అలల ఎత్తు పెరిగితే అంతకంటే వేగంగా తగ్గుతుంది, ఎత్తు ఒకటిన్నర రెట్లయితే మన్నిక దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. దీనర్థం ఏంటంటే ఒక హోటల్ ముందు అయిదొందల మీటర్లకి మాత్రం ఇసుక పోస్తామనే ప్రాజెక్టు, పక్క ఊరితో కలిసి అయిదు కిలోమీటర్లకి పోసే ప్రాజెక్టు, రెండూ ఒకే రేటుకి లెక్కేసి చూపిస్తే నమ్మకండి. చిన్న ముక్కలుగా చేసే ప్రాజెక్టులు ప్లానింగ్ పరంగా కూడా చెడ్డవి, ఎవరి ముందు వాళ్లు పోసుకుంటూ పోతే మొత్తం తీరానికి ఒక ప్లాన్ అనేదే ఉండదు.

అడుగు 5: బీచ్ వెనకాల ఏం జరుగుతుందో చూడండి

అందరి చూపూ సముద్రం వైపే. వెనక్కి తిరిగి చూస్తే వాన నీటి పైపులు, పల్లపు వీధులు, బేస్‌మెంట్ పార్కింగులు, చిన్న ఏరు నోళ్లు కనిపిస్తాయి. ఇసుక పోస్తే బీచ్ మట్టం పెరుగుతుంది, వాన నీళ్ల గొట్టం ఇసుక కింద పూడిపోతుంది, పెద్ద అలలు పైకెక్కి వెనక చేరిన నీళ్లకి తిరిగి సముద్రంలోకి పోయే దారి ఉండదు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ బీచ్ దగ్గర 2012లో ముతక ఇసుక పోశాక పల్లంలో ఉన్న ఇళ్ల దగ్గర భూగర్భ జలం పెరిగి నీళ్లు చేరుతున్నాయని పెద్ద వివాదమే నడిచింది. అందుకని ప్లాన్‌లోని డ్రైనేజీ మ్యాప్ తీసి, ఇసుక టెంప్లేట్ మీద పెట్టి, ఏ ఏ గొట్టం నోరు మూసుకుపోతుందో గుర్తుపెట్టండి, ఒక్కోదానికీ జవాబు అడగండి.

జనం దిగే దారులు కూడా ఇక్కడే చూడాలి. ప్రభుత్వ డబ్బుతో ఇసుక పోస్తున్నప్పుడు ఆ బీచ్‌కి జనం వెళ్లడానికి దారి, పార్కింగు ఉన్నాయా? మెట్లు కొత్త ఇసుక మట్టానికి కలుస్తాయా, లేక గాల్లో ఆగిపోతాయా? ఇసుక జారిపోయాక మళ్లీ కలుస్తాయా? వీల్‌చెయిర్ ర్యాంపు ఉన్న చోట ఇది చిన్న విషయం కాదు.

అడుగు 6: జీవులు, సీజన్లు

ఇది వేరే రివ్యూలో ఎలాగూ వస్తుంది కాబట్టి క్లుప్తంగా. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో పని ఉండకూడదు. పని అయ్యాక కూడా ఇసుక గట్టిగా బిగుసుకుపోతే, లేదా అలల దగ్గర నిటారు గోడలా కోసుకుపోతే తాబేలు ఎక్కలేదు, ఎక్కినా తవ్వలేదు, అందుకే ఇసుక దున్నడం, ఆ గోడని చదును చెయ్యడం షరతుగా ఉండాలి. దక్షిణ కాలిఫోర్నియాలో అయితే గ్రూనియన్ చేపలు పౌర్ణమి అమావాస్య పోట్ల తర్వాత రాత్రుళ్లు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, అక్కడ క్యాలెండర్ వాటిని బట్టి నడుస్తుంది. ఇసుకలో ఉండే చిన్న పీతలూ ఆలుచిప్పలూ పూడిపోయి చచ్చిపోతాయి, మళ్లీ వస్తాయి కానీ రెండేళ్లకోసారి పోస్తుంటే కోలుకునే టైమే ఉండదు. ప్లాన్‌లో సున్నిత ప్రాంతాల మ్యాప్ ఉంటే పైప్‌లైన్ దారి దాన్ని ఎక్కడైనా దాటుతుందేమో చూడండి.

అడుగు 7: పక్క ఊరు, తవ్విన గొయ్యి

ఇసుక మున్సిపాలిటీ హద్దు చూసి ఆగదు. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర ఇసుకని పంపు చేసి అవతలికి పంపే సిస్టమ్ 2001 నుంచి నడుస్తోంది. ఉద్దేశం మంచిదే, నౌకలకి దారి తెరుచుకోవాలి, కోతకి గురైన గోల్డ్ కోస్ట్ దక్షిణ బీచ్‌లకి ఇసుక అందాలి. కానీ మొదటి ఏళ్లలో ఇసుక ఎక్కువై కిర్రా దగ్గర బీచ్ విపరీతంగా వెడల్పైపోయింది, అక్కడి రీఫ్ (నీళ్ల కింది రాతి దిబ్బ) పూడిపోయింది, ప్రపంచమంతా పేరున్న సర్ఫింగ్ అల పాడైంది. కోత సమస్యకి వెళ్లి ఇసుక ఎక్కువైన సమస్య తెచ్చుకున్నారు. ఇసుక సహజంగా ఏ దిక్కుకి నడుస్తుందో రిపోర్టులో బాణం గుర్తు వెతకండి, ఆ బాణం ఎటుందో అటు ఉన్న ఊరి ప్లాన్ కూడా తెప్పించి చదవండి.

తవ్విన గొయ్యి ఒడ్డుకి మరీ దగ్గరగా ఉంటే ఇంకో గొడవ. అడుగున గొయ్యి ఉంటే దాని మీదుగా వచ్చే అలలు వంగి, కొన్ని చోట్ల ఎక్కువ పడతాయి, కొన్ని చోట్ల తక్కువ. లూసియానాలో గ్రాండ్ ఐల్ దగ్గర 1984లో దగ్గర్లోనే తవ్విన ఇసుకతో బీచ్ నింపితే, ఆ గోతుల వెనకున్న తీరం ముందుకి పొడుచుకొచ్చి పక్కల లోపలికి కోసుకుపోయింది. ఇక్కడ ల్యాండ్ యూజ్ లింకు ఏంటంటే, కోత రేటు అంతటా ఒకటే అనుకుని సెట్‌బ్యాక్ లెక్కేసిన ప్లాన్ ఆ తర్వాత పనికిరాదు.

అడుగు 8: డబ్బు, పట్టణం పెరుగుదల

నౌరిష్‌మెంట్ ఒక్కసారి చేసే పని కాదు, ఒక రకంగా అది నెలనెలా అద్దె కట్టడం లాంటిది. కాబట్టి రెండో విడత, మూడో విడత ఇసుక ఎక్కడిది, ఎవరు కడతారు అన్నది ప్లాన్ కాలపరిమితితో పోల్చండి. ప్లాన్ ఇరవై ఏళ్లదైతే ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని విడతలు, తవ్వే చోట అంత మంచి ఇసుక మిగులుతుందా?

ఇంకో విషయం, ఇది నాకు అన్నిటికంటే కీలకంగా అనిపిస్తుంది. ఫ్లోరిడా తీరంలో ఇళ్ల సైజులు పోల్చిన ఒక పరిశోధన 2016లో వచ్చింది, అందులో నౌరిష్‌మెంట్ జరిగే చోట్ల ఇళ్లు జరగని చోట్లకంటే పెద్దవిగానూ ఎక్కువగానూ ఉన్నాయని తేలింది. ఇసుక పోస్తే భద్రత అనిపిస్తుంది, భద్రత అనిపిస్తే పెద్ద ఇళ్లు లేస్తాయి, పెద్ద ఇళ్లు లేస్తే వాటిని కాపాడటానికి ఇంకా ఇసుక. ఈ చక్రాన్ని ఇసుక వైపు నుంచి ఎవరూ ఆపలేరు, ఆపగలిగేది జోనింగ్ ఒక్కటే. కాబట్టి ప్రాజెక్టుతో పాటే, లేదా అంతకంటే ముందే, తీరం వెంట ఎత్తు, ఫ్లోర్ ఏరియా, ప్లాట్లు ముక్కలు చెయ్యడం మీద హద్దులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మీ రిపోర్టులో మొదటి సిఫార్సు అదే అవ్వాలి. "అది ఈ ఫైల్ పరిధిలోకి రాదు" అంటారు. లాభాల చాప్టర్‌లో పెరిగే ఆస్తి విలువని లెక్కలో వేసుకున్నారు కదా, మరి అది పరిధిలోకి ఎలా వచ్చింది అని అడగండి.

అడుగు 9: షరతులు రాయడం

"తగిన పర్యవేక్షణ చేయవలెను" లాంటి షరతు రాస్తే రాయనట్టే లెక్క. ఎవరు, ఎప్పుడు, ఏం కొలుస్తారు, కొలిచినది ఎంత దాటితే ఏం చెయ్యాలి, ఈ నాలుగూ ఉండాలి. గీత గురించిన షరతు నేనైతే దాదాపు ఇలా రాస్తాను:

"ప్రాజెక్టు మొదలయ్యేలోపు గుర్తింపు పొందిన సర్వేయర్ చేత పోటు గీత, మొక్కల గీత సర్వే చేయించి ప్లానింగ్ ఆఫీసులో దాఖలు చెయ్యాలి. ఆ గీతలే ఇకపై ఈ భాగంలో అన్ని సెట్‌బ్యాకులకీ ఆధారం. పోసిన ఇసుక వల్ల ఏర్పడిన నేలని ఏ నిర్మాణానికీ, ఏ ఫ్లోర్ ఏరియా లెక్కకీ తీసుకోరాదు. సహజ కోత వల్ల గీత ఈ సర్వే కంటే వెనక్కి పోతే అప్పటి గీతే వర్తిస్తుంది."

చివరి వాక్యం మర్చిపోవద్దు. అది లేకపోతే ఇసుకంతా పోయి తీరం ఇంకా లోపలికి వచ్చాక కూడా ఎవరో ఒకరు ఆ పాత సర్వే కాగితం పట్టుకుని "ఫ్రీజ్ చేశారు కదా" అంటూ నీళ్లలో సెట్‌బ్యాక్ కొలవమంటారు.

కొలతల షరతుకి, పని ముందు ఒకసారి, అయిన వెంటనే ఒకసారి, తర్వాత ఏటా ఒకే సీజన్‌లో, క్లోజర్ డెప్త్ దాకా ప్రొఫైళ్లు తీయించండి. పొడి బీచ్ మాత్రమే కొలిస్తే ఇసుక పోయిందో, నీళ్ల కిందకి జారిందో తేలదు. ప్రాజెక్టు హద్దు దాటి రెండు పక్కలా కూడా కొలవాలి, పక్క ఊరికి ఏమవుతుందో తెలియాలి కదా. వెడల్పు ఇన్ని మీటర్లకి తగ్గితే రెండో విడత గురించి నిర్ణయం తీసుకోవాలని రాయండి, "తప్పక పొయ్యాలి" అని మాత్రం రాయకండి. ఆ రోజుకి ఇసుక లేకపోవచ్చు, డబ్బు లేకపోవచ్చు, లేదా వెనక్కి తగ్గడమే మేలని ఊరు అనుకోవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా ప్రాజెక్టుకి ముందు సర్వే ఫైల్‌లో లేకపోతే మిగతాది ఎంత బాగున్నా సిఫార్సు చెయ్యకండి, వెనక్కి పంపండి. మిగతా లోపాలన్నీ తర్వాత షరతులతో దిద్దుకోవచ్చు. ఇసుక పడిన మర్నాటి నుంచి పాత గీత ఎక్కడుండేదో మాత్రం ఎవరూ కొలవలేరు.